రెండో మెట్టు మీద నిలిచిన పాట

ముప్ఫై మూడేళ్లుగా ఊళ్లోవాళ్ల డబ్బు లెక్కపెట్టి జీతం తీసుకుంటున్నవాణ్ణి. సంగీతం నాకు రాదు. సరిగమలు అప్పజెప్పమంటే 'ప' దాటి ముందుకు పోలేను. అయినా మొన్న ఉగాదికి బెంగళూరులో మా అపార్ట్‌మెంటు తెలుగు కుటుంబాలు సరదాగా పెట్టుకున్న పాటల ఎన్నికకు నన్నే ఎన్నికల అధికారిని చేశారు. "మీరు బ్యాంకాయన కదండీ, లెక్క తప్పరు" అన్నారు. నిజమే, లెక్క తప్పలేదు. కానీ నేను చెప్పిన ఆ లెక్కలోనే మా పెద్దక్క మెచ్చిన పాట ఒకే ఒక్క ఓటుతో ఓడిపోయింది. ఆ ఒక్క ఓటు సంగతి చివర్లో మనవి చేస్తాను.

ఇంతకీ మేము ఎన్నుకోదలచినది అన్నిటికన్నా మంచి పాటను కాదు. అన్నిటికన్నా మంచి 'రెండో పాట'ను! ఏ సినిమా పేరెత్తినా అందరి నోటా ముందుగా వచ్చే పాట ఒకటి ఉంటుంది. దాని పక్కనే, కాస్త నీడలో, ఏ మాత్రం తీసిపోని పాట ఇంకొకటి ఉంటుంది. 1980 నుంచి 1989 దాకా పదేళ్ల తెలుగు సినిమాల్లో అలా నీడలో నిలిచిన పాటలకు పట్టం కట్టాలన్నది మా సంకల్పం. ఇదేం వింత పోటీ అని మీరు నవ్వుకోవచ్చు. ఈ వింతకు మూలం మా హిందూపురం ఇంట్లోని రేడియో.

బుధవారం రాత్రి ఎనిమిది గంటలు

మా నాయనకు హిందూపురంలో చిన్న కిరాణా కొట్టు ఉండేది. ఏడాది తిరిగేసరికి కొట్టు చిట్టాపుస్తకంలో వెనకవైపు కొన్ని కాగితాలు మిగిలిపోయేవి. ఆ మిగిలిన కాగితాలు మా పెద్దక్క ఆస్తి. ప్రతి బుధవారం రాత్రి ఎనిమిదింటికి సిలోన్ రేడియోలో 'బినాకా గీత్‌మాలా' మొదలయ్యేది. అక్క నాకంటే తొమ్మిదేళ్లు పెద్ద. హిందీ ప్రచార సభ పరీక్షలు వరసగా రాసి ప్యాసైంది కనుక పాట పేరు రాసే పని ఆమెది. పక్కన మెట్టు నంబరు వేసే పని నాది. బహుశా నా బ్యాంకు ఉద్యోగానికి అక్కడే పునాది పడింది!

మీలో యాభై దాటినవాళ్లకు ఆ కార్యక్రమం గురించి చెప్పనక్కర్లేదు. చిన్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెబుతాను. 1952లో కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి బి.వి. కేస్కర్ గారికి సినిమా పాటలంటే గిట్టలేదు. ఆకాశవాణిలో వాటికి చోటు బాగా తగ్గిపోయింది. సరిగ్గా ఆ సందులో దూరింది కొలంబోలోని రేడియో సిలోన్. 1952 డిసెంబరు 3న బినాకా టూత్‌పేస్టు కంపెనీ ఖర్చుతో గీత్‌మాలా మొదలైంది. వ్యాఖ్యాత అమీన్ సయానీకి అప్పటికి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. 1957లో ఆకాశవాణి వాళ్లు వివిధభారతి పెట్టాకే సినిమా పాటలకు మళ్లీ మన దేశపు రేడియోలో మర్యాద దక్కింది. ఆ సిలోన్ రేడియోలోనే మీనాక్షి పొన్నుదురై గారి గొంతు వెంట తెలుగు పాటలు కూడా వచ్చేవి. మన పెద్దలు ఎందరో ఇప్పటికీ ఆ పేరు తలుచుకుంటారు.

మొదట్లో గీత్‌మాలా ఒక పోటీ. ఏడు పాటలు వినిపించేవారు. జనాదరణను బట్టి వాటిని వరసలో పెట్టి శ్రోతలు ఉత్తరం రాయాలి. సరిగ్గా చెప్పినవారికి బహుమతి. మొదటి కార్యక్రమానికే తొమ్మిది వేల ఉత్తరాలు వచ్చాయని, కొద్ది కాలానికే అవి వారానికి అరవై అయిదు వేలకు చేరాయని సయానీ గారు చాలాసార్లు చెప్పుకున్నారు. అన్ని ఉత్తరాలు విప్పి లెక్కపెట్టడం ఎవరి తరం? అందుకే తర్వాత పద్ధతి మార్చి, రికార్డుల అమ్మకాలనూ శ్రోతల సంఘాల అభిప్రాయాలనూ బట్టి పాటలకు మెట్లు కట్టారు. ఒక్కో వారం ఒక్కో మెట్టు ఎక్కుతూ దిగుతూ పాటలు తిరిగేవి. ఏడాది చివర్లో వచ్చే కార్యక్రమం మాకు ఎన్నికల ఫలితాల రాత్రి లాంటిది. అన్నం పళ్లెం ముందు పెట్టుకుని కూడా చెయ్యి కదిలేది కాదు.

1980 ఏడాది జాబితాలో 'సర్గమ్' సినిమాలోని 'డఫ్లీవాలే' మొదటి మెట్టు ఎక్కింది. సర్గమ్ అంటే మరేమిటో కాదు, 1976లో వచ్చిన మన 'సిరిసిరిమువ్వ'ను విశ్వనాథ్ గారే హిందీలో తీసిన సినిమా. జయప్రదే అందులోనూ నాయిక. ఆ రాత్రి మా ఇంట్లో సంబరం చెప్పలేను. మన ఊరి పిల్లకు ఢిల్లీలో ర్యాంకు వచ్చినట్టే!

ఆ సంబరంలో పన్నెండేళ్ల నాకు ఒక సందేహం వచ్చింది. "అక్కా, మొదటి మెట్టు పాటకి బూర ఊదుతారు కదా. రెండో మెట్టు పాట ఏమైపోతుంది?"

అక్క పుస్తకం మూసి, "ఏమీ కాదురా. మనం పాడుకుంటాం" అంది.

అంతటితో ఆ మాట మరిచిపోయాను. గీత్‌మాలా 1989లో వివిధభారతికి మారింది, తర్వాత కొన్నేళ్లకు ఆగిపోయింది. 2024 ఫిబ్రవరి 20న అమీన్ సయానీ గారు తొంభై ఒక్కేళ్ల వయసులో కన్నుమూశారన్న వార్త చదివి, విజయనగర్‌లో మేనకోడలి దగ్గర ఉంటున్న అక్కకి ఫోన్ చేశాను. ఇద్దరం గంటసేపు మాట్లాడుకున్నాం. రెండో మెట్టు ప్రశ్న ఆ రోజే మళ్లీ తలకెక్కింది.

తెల్లదొరల రెండో పాటలు

ఆ తర్వాత తెలిసింది, ఈ పిచ్చి మా ఒక్కరిదే కాదని. పాటల ర్యాంకులంటే ప్రాణం పెట్టే దేశం ఇంగ్లండు. అక్కడ వారం వారం అమ్మకాలు లెక్కగట్టి జాబితా వేస్తారు. అక్కడి బీబీసీ రేడియో 2 వాళ్లు, జాబితా తయారుచేసే కంపెనీ వాళ్లు కలిసి, ఒకటో నంబరు ఎక్కలేక రెండో నంబరు దగ్గరే ఆగిపోయిన పాటల్లో మీకు ఇష్టమైనదేదని శ్రోతలను ఓట్లు అడిగారు. 2013 కొత్త సంవత్సరం రోజున ఫలితం చెప్పారు. గెలిచింది 'అల్ట్రావాక్స్' అనే బృందం 1981లో పాడిన 'వియన్నా'.

ఈ వియన్నా కథ వింటే జాలేస్తుంది. గంభీరమైన పాట. ఎంతో శ్రమపడి చేశారు. అది రెండో మెట్టు మీద వారాల తరబడి నిలబడింది. దాన్ని పైకి పోనివ్వకుండా మూడు వారాలు అడ్డుకున్న పాట ఏమిటంటే, జో డోల్చే అనే ఆయన ఇటలీ యాసను అనుకరిస్తూ పాడిన ఒక నవ్వులాట పాట! ఆ వారాల్లో దుకాణాల్లో ఎక్కువగా అమ్ముడైంది అదే. లెక్కలో తప్పేమీ లేదు. కానీ ముప్ఫై ఏళ్లు గడిచాక ఏ పాట గుర్తుందో జనం మళ్లీ ఓటు వేసి చెప్పారు.

ఇంకో కథ మనకు మరీ దగ్గరది. 1967లో బీటిల్స్ బృందం ఒకే రికార్డు మీద 'పెన్నీ లేన్', 'స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్' అనే రెండు పాటలు ఇచ్చింది. ఇప్పటికీ వాటిని గొప్పగా చెప్పుకుంటారు. అవి ఇంగ్లండులో రెండో నంబరు దగ్గరే ఆగాయి. అడ్డుపడింది ఎంగెల్‌బర్ట్ హంపర్‌డింక్ పాడిన 'రిలీజ్ మీ'. ఈ హంపర్‌డింక్ 1936లో పుట్టింది ఎక్కడో తెలుసా? మన మద్రాసులో! బీటిల్స్‌కు అడ్డుకట్ట వేసినవాడు మద్రాసు నీళ్లు తాగినవాడన్నమాట.

మూడో కథ 1984 డిసెంబరుది. 'వామ్' అనే జంట 'లాస్ట్ క్రిస్మస్' పాడింది. అదే నెలలో ఇథియోపియా కరువు బాధితుల కోసం గాయకులంతా 'బ్యాండ్ ఎయిడ్' పేరుతో కలిసి ఒక పాట చేశారు. అది ఒకటో నంబరు, లాస్ట్ క్రిస్మస్ రెండో నంబరు. విచిత్రమేమిటంటే వామ్‌లోని జార్జ్ మైకేల్ ఆ బృందగానంలోనూ పాడాడు. అంటే తన చేతిలో తనే ఓడిపోయాడు! ఆపైన తన పాట మీద వచ్చిన ఆదాయాన్ని కూడా వామ్ ఆ కరువు నిధికే ఇచ్చేసింది. జార్జ్ మైకేల్ 2016 క్రిస్మస్ రోజున చనిపోయాడు. ఆ పాట 2021 జనవరి 1న, ముప్ఫై ఆరేళ్ల తర్వాత, మొట్టమొదటిసారి ఒకటో నంబరు ఎక్కింది. పాడినవాడు చూడలేకపోయాడు.

అమెరికాలో 'క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్' బృందానిది ఇంకో రకం గీత. వారి పాటలు అయిదు అక్కడి జాబితాలో రెండో నంబరుదాకా వెళ్లాయి. ఒకటో నంబరు ఒక్కటీ లేదు.

ఇవన్నీ చదివాక కామర్సు చదివినవాడిగా నాకు తట్టింది ఇది. వారపు జాబితా మా బ్రాంచిలో సాయంత్రం చూసే రోజువారీ క్యాష్ లాంటిది. ఆ రోజు కౌంటర్లో ఎంత వచ్చిందో చెబుతుంది, అంతే. పక్క కౌంటర్లో ఆ రోజు ఎవరు వచ్చారన్నది మన చేతిలో లేదు. పాట మీద ఇష్టం ఫిక్స్‌డ్ డిపాజిట్ లాంటిది. ఎంత పెరిగిందో తెలియాలంటే పదేళ్లకో ఇరవయ్యేళ్లకో రసీదు తీసి చూడాలి. ఆ రసీదు తీసి చూడటమే ఈ రెండో పాటల ఎన్నిక.

మన ఓట్లు, మన తంటాలు

తెలుగు పాటలకు అలా దేశమంతా ఒప్పుకున్న వారపు జాబితా ఏదీ మా చిన్నతనంలో లేదు. కానీ ఓట్లు వేయడం మనకు కొత్త కాదు. 2006లో 'ఇండియన్ ఐడల్' రెండో విడత ఫైనల్లో మన హైదరాబాదు అబ్బాయి కారుణ్య నిలిచాడు. ఎస్సెమ్మెస్ పంపమని బెంగళూరులో కూడా తెలుగువాళ్లు ఒకరికొకరు ఫోన్లు చేసుకున్నారు. మా ఆఫీసులో మధ్యాహ్న భోజనాల దగ్గర అదే మాట. బికనేర్‌కు చెందిన సందీప్ ఆచార్య గెలిచాడు, కారుణ్య రెండోవాడయ్యాడు. 2010లో శ్రీరామచంద్ర అదే పోటీలో మొదటివాడిగా నిలిచినప్పుడు ఆ బాకీ తీరినట్టు సంతోషించాం. అయినా కారుణ్య గొంతును మరిచిపోయినవారు నాకు తెలిసి లేరు.

ఆ ఎస్సెమ్మెస్ ఓట్లలో నాకు నచ్చనిది ఒకటుంది. ఒకే మనిషి ఎన్ని సార్లయినా పంపవచ్చు, పంపిన ప్రతిసారీ డబ్బు కట్టాలి. అది మనుషుల లెక్క కాదు, రీఛార్జీల లెక్క. అందుకే మా ఎన్నికకు మొదటి నియమం నేనే పెట్టాను: మనిషికి ఒక్క ఓటు.

రెండో నియమం మా మేనకోడలు పెట్టింది: పాట మొత్తం విన్నవారికే ఓటు. ఇక్కడ పుట్టి పెరిగిన మన పిల్లలకు ఈ పాటలు ఎక్కడ తెలుస్తాయి? వినకుండా ఓటేస్తే అమ్మానాన్నల ఓటే రెండు సార్లు పడ్డట్టు అవుతుంది. అందుకని పండగ రోజు సాయంత్రం ఉగాది పచ్చడి, బొబ్బట్లు అయ్యాక, ఆరు పాటలు మొదటి నుంచి చివరిదాకా వినిపించాలని తీర్మానించాం.

ఆరు పాటలు ఎంచడానికే మూడు ఆదివారాలు పట్టింది. సినిమాలో మొదటి పాట ఏదో తేలితే కదా రెండోది తేలేది! 'శంకరాభరణం' దగ్గర గొడవ తెగలేదు. ఎవరి మొదటి పాట వారిదే. చివరికి అందులో అన్నీ మొదటి పాటలేనని ఒప్పుకుని ఆ సినిమానే వదిలేశాం. 'గీతాంజలి' దగ్గర మా బావమరిది చిందులు తొక్కాడు. "ఆమని పాడవే మొదటి పాట కాదా? దాన్ని రెండోదంటే నేనొప్పుకోను" అన్నాడు. "1989లో కాలేజీల్లో బల్లల మీద దరువు వేసింది 'జగడ జగడం' కదయ్యా" అని అందరూ గట్టిగా అంటే తగ్గాడు. ఇలా వాదించుకుని ఒప్పుకున్న జాబితా ఇది:

'మేఘసందేశం' (1982) నుంచి 'ఆకులో ఆకునై'. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారి కవిత, రమేష్ నాయుడు గారి సంగీతం, సుశీలమ్మ గొంతు. సినిమా వచ్చేసరికి కృష్ణశాస్త్రి గారు లేరు. ఈ సినిమాకు ఏసుదాసు, సుశీల, రమేష్ నాయుడు ముగ్గురికీ జాతీయ అవార్డులు వచ్చాయి. అయినా జనం ముందుగా తలిచేది 'ఆకాశ దేశాన'నే.

'సాగర సంగమం' (1983) నుంచి 'వేవేల గోపెమ్మలా'. 'తకిట తధిమి' జోరులో ఇది వెనకబడింది.

'సితార' (1984) నుంచి 'కిన్నెరసాని'. ఎస్. జానకి గారికి జాతీయ అవార్డు తెచ్చిన 'వెన్నెల్లో గోదారి అందం' పక్కన నిలబడటం ఏ పాటకైనా కష్టమే.

'సిరివెన్నెల' (1986) నుంచి 'మెరిసే తారలదే రూపం'. సీతారామశాస్త్రి గారికి ఇంటిపేరుగా నిలిచిపోయిన సినిమా ఇది. 'విధాత తలపున' అందరి పాట. ఇది కొందరి పాట.

'అభినందన' (1988) నుంచి 'ఎదుట నీవే'. ఆత్రేయ గారి పాటలు, ఇళయరాజా బాణీలు. 'ప్రేమ ఎంత మధురం' దీని కంటే ఒక మెట్టు పైన.

ఆరోది 'గీతాంజలి' (1989) నుంచి 'ఆమని పాడవే'. వేటూరి గారి రచన.

ఇందులో చివరి మూడూ బాలు గారు ఒక్కరే పాడినవి. 2020 సెప్టెంబరు 25న ఆయన పోయిన రోజు మా అంతస్తులో ఏ ఇంట్లోనూ టీవీ కట్టలేదు. మా పక్కింటి కన్నడ దంపతులు కూడా మాతో సమానంగా కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆయన వాళ్లకు 'ఎదె తుంబి హాడువెను' బాలు. అందుకే వాళ్లకూ ఓటు ఇచ్చాం.

అక్క ఓటు

మా అక్క గురించి రెండు మాటలు. 1982లో పెళ్లయి వెళ్లిపోయింది. 1986లో రెండో పురుటికి పుట్టింటికి వచ్చినప్పుడు 'సిరివెన్నెల' క్యాసెట్ కొనిపెట్టమని నన్ను అడిగింది. నేను ఇంటర్మీడియట్ కుర్రాణ్ణి. నాయన గల్లాపెట్టెలోంచి తీయడానికి భయపడి, పుస్తకాలు కొనాలని అబద్ధం చెప్పి డబ్బు తెచ్చాను. మూడు నెలలు ఉయ్యాల ఊపుతూ ఆ పాటే. సినిమాలో నాయకుడు చూపులేని వేణుగాన విద్వాంసుడు. తెర వెనక వేణువు ఊదింది హరిప్రసాద్ చౌరాసియా గారు. చూపులేనివాడు, తనకు వెలుగు చూపిన మనిషి రూపం ఎలా ఉంటుందోనని తలచుకునే పాట అది.

ఇప్పుడు అక్కకి అరవై ఆరు. బావ పోయి అయిదేళ్లు. చక్కెర జబ్బు కళ్లను పట్టింది. పెద్ద అక్షరాలు కూడా మసకే. అయినా ఎప్పుడూ నోరు తెరిచి అయ్యో అనుకోలేదు. పండగ రోజు పాటలన్నీ విన్నాక ఓటు కాగితం చేతికిస్తే, "నాకు కనపడదు కదరా, మనవడు రాస్తాడులే" అంది. పద్నాలుగేళ్ల ఆ పిల్లాడి చెవిలో ఏదో చెప్పింది. రహస్య ఓటు కదా! కానీ ఆ రహస్యం హాల్లో అందరికీ తెలుసు.

కాగితంలో రెండు గళ్లు పెట్టాను. ఒకటి మొదటి ఇష్టం, ఇంకోటి రెండో ఇష్టం. మొదటి గళ్లే ఓటు. రెండు పాటలకు సమానంగా ఓట్లు పడితేనే రెండో గడి చూస్తామని ముందే చదివి వినిపించాను. మొత్తం 28 కాగితాలు. బ్యాంకులో ఒకరు వేసిన లెక్కను ఇంకొకరు సరిచూడాలి. అదే పద్ధతిలో నేను లెక్కపెట్టాక పక్కింటి కన్నడ మాస్టారు మళ్లీ లెక్కపెట్టారు.

'ఆమని పాడవే' 10. 'మెరిసే తారలదే రూపం' 9. 'ఎదుట నీవే' 5. 'ఆకులో ఆకునై' 2. మిగతా రెండిటికీ చెరొకటి.

సరదాకి రెండో గడి కూడా చూశాను. చూడకుండా ఉంటే బాగుండేది. అక్క పాటకు ఓటు వేయని 19 మందిలో 13 మంది దాన్నే రెండో ఇష్టంగా రాశారు. ఆమనిని అలా రాసినవారు నలుగురే. మొదటి ఇష్టానికి రెండు మార్కులు, రెండో ఇష్టానికి ఒక మార్కు వేసుకుంటే అక్క పాటకు 31, ఆమనికి 24. అంటే ఆ గదిలో ఎక్కువ మంది మనసులో ఏదో ఒక చోట ఉన్నది అక్క పాటే!

మేడ మీది రిటైర్డ్ ఇంజనీరు గారు నా భుజం మీదుగా ఈ లెక్క చూసి, "మార్కుల పద్ధతే న్యాయమండీ, అలాగే ప్రకటించేయండి. ఎవరడుగుతారు?" అన్నారు. ఎవరూ అడగరు. అక్క ముఖం చూశాను. గోడవైపు తిరిగి మనవడితో ఏదో మాట్లాడుతోంది. ఒక్క నిమిషం చెయ్యి ఆడలేదు. నోటీసు బోర్డు మీద ఒక వడ్డీ రాసి, డిపాజిట్లు తీసుకున్నాక ఇంకో వడ్డీ ఇస్తామంటే అది బ్యాంకు అవుతుందా? నియమం మంచిదా చెడ్డదా అన్నది ఓటు వేయకముందు మాట్లాడుకోవాల్సిన సంగతి. ఉన్నదున్నట్టు చదివేశాను.

చప్పట్లు మోగాయి. అక్క గట్టిగా నవ్వింది. "రెండో పాటల్లో కూడా రెండోదేనా! పోనీలే, దానికి అలవాటే" అంది.

గెలిచిన పాట అందరం కలిసి పాడాలన్నది కార్యక్రమం. మొదలుపెట్టాం. పల్లవి దర్జాగా సాగింది. మొదటి చరణం సగంలో గొంతులు తగ్గాయి. రెండో చరణం దగ్గర ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఎవరికీ పూర్తిగా రాదు, నాతో సహా. అప్పుడెవరో "పెద్దమ్మా, మీ పాట పాడండి" అన్నారు. అక్క కాగితం అడగలేదు, సెల్‌ఫోన్ అడగలేదు. కాగితం ఇచ్చినా చూడలేదు కదా. ఉయ్యాల ఊపిన మూడు నెలల పాట, ఒక్క మాట తడబడకుండా, మొదటి నుంచి చివరి వరకు పాడింది. గొంతు కాస్త వణికింది కానీ శ్రుతి జారలేదు. హాల్లో పిల్లలు ఫోన్లు కింద పెట్టి విన్నారు. ఆ 1986 నాటి ఉయ్యాలలోని పాప, మా మేనకోడలు, వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. ఇంటికి వెళ్లేటప్పుడు మనవడు, "తాతయ్యా, ఆ సినిమా ఎక్కడ దొరుకుతుంది?" అని నన్ను అడిగాడు. పిల్లలు అడిగి మరీ ఒక తెలుగు సినిమా చూడటం మన ఇళ్లల్లో ఎంత అరుదో మీకు తెలియనిది కాదు.

ఓటు చేతుల లెక్క చెబుతుంది. ఆ చేతులు పాటను ఎన్నాళ్లు పట్టుకున్నాయో చెప్పదు. పదిమంది పల్లవి వరకూ ఇష్టపడిన పాట గెలవవచ్చు. ఒక్కరు చరణాలతో సహా దాచుకున్న పాట ఓడవచ్చు. ఆ దాచుకున్నవారు ఉన్నంతకాలం రెండో మెట్టు పాటకు వచ్చిన లోటేమీ లేదు. 1980లో పన్నెండేళ్ల నాకు అక్క చెప్పిన జవాబు ఇదే. అర్థం కావడానికి నలభై అయిదేళ్లు పట్టింది.

పాఠక మిత్రులారా, మీ ఇంట్లో, మీ వీధిలో మీరూ ఈ ఎన్నిక పెట్టి చూడండి. ఒక దశాబ్దం ఎంచుకోండి. పాటలు పూర్తిగా వినిపించండి. పిల్లలకూ ఓటు ఇవ్వండి. మార్కులా, ఓట్లా అన్నది ముందే తేల్చుకోండి. ముఖ్యంగా, లెక్క ముగిశాక ఓడిన పాటలను పాడగలిగినవారు ఎవరైనా ఉన్నారేమో అడగండి. మీ పెద్దవాళ్లలో ఎవరి దగ్గర ఏ పాట భద్రంగా ఉందో అప్పుడు తెలుస్తుంది.

ఇక ఆ ఒక్క ఓటు సంగతి. 1989 వేసవిలో బీకాం చివరి పరీక్షలు రాసి, ఏ ఉద్యోగమూ లేక, అనంతపురంలో 'గీతాంజలి' మూడుసార్లు చూశాను. ఆ రోజులు నావి. అక్క పాట ఎలాగూ గెలుస్తుందన్న ధీమాతో మొదటి గడిలో నా పాట రాసుకున్నాను. ఆ కాగితం అటు పడి ఉంటే 9, 10 తారుమారయ్యేవి. ఆ సాయంత్రం ఈ మాట ఎవరికీ చెప్పలేదు.

ఈ పత్రిక మా అక్కకి మేనకోడలు చదివి వినిపిస్తుంది. అక్కా, ఆ పదో ఓటు నాదే. రెండో గడిలో మాత్రం నీ పాటే రాశాను.